ఏ మసాజ్ ఎవరికి నప్పుతుంది? మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం

నేను మొదటిసారి మసాజ్‌కి వెళ్లింది మెడ పట్టేసి. నెలల తరబడి కంప్యూటర్ ముందు వంగి కూర్చోవడంతో కుడి భుజం పైన గట్టి ముడిలాంటిది చేతికి తగిలేది. పక్కకి చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. వెళ్లిన చోట పట్టికలో పదికి పైగా పేర్లున్నాయి. ఒక్కదానికీ నాకు అర్థం తెలియదు. నొప్పి గట్టిగా ఉంది కాబట్టి మసాజ్ కూడా గట్టిగా ఉండాలనుకుని 'డీప్ టిష్యూ' అని చెప్పాను. గంటసేపు పళ్లు బిగబట్టి పడుకున్నాను. ప్రాణం పోతున్నా నోరు విప్పలేదు, నొప్పి పుడితేనే పని జరుగుతోందని నమ్మాను మరి. మర్నాడు చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోయాను. మూడో రోజుకి గానీ మామూలు మనిషిని కాలేదు.

ఆ తర్వాత చాలా రకాలు చేయించుకున్నాను. చేసేవాళ్లని అడిగి తెలుసుకున్నాను, దొరికిన పరిశోధనలు చదివాను. ఇప్పుడెవరైనా 'ఏ రకం మంచిది?' అని అడిగితే నేను ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. మీ ఒళ్లు ఇవాళ ఎంత ఒత్తు తట్టుకోగలదు? 'కొంచెం మెల్లగా' అని మీరంటే ఆ చేతులు వింటాయా? రకం పేరు వీటి తర్వాతే.

ఈ మాట నా ఒక్కరి అనుభవంతో చెప్పడం లేదు. దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 401 మందిపై జరిగిన ఒక అధ్యయనం 2011లో అమెరికా వైద్య పత్రిక 'యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్'లో వచ్చింది. కొందరికి కండరాల్లో ఇబ్బంది ఉన్న చోటు వెతికి ప్రత్యేకంగా చేసే మసాజ్ ఇచ్చారు. కొందరికి మామూలుగా ఒళ్లు వదులు చేసే మసాజ్ ఇచ్చారు. మిగతావాళ్లు ఎప్పటిలా వాళ్ల వైద్యం వాళ్లు చేయించుకున్నారు. వారానికొకసారి చొప్పున 10 వారాలు గడిచాక మసాజ్ చేయించుకున్నవాళ్లు లేచి తిరగడంలోనూ, పనులు చేసుకోవడంలోనూ మెరుగ్గా ఉన్నారు. కానీ రెండు రకాల మసాజ్‌ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఏడాది తిరిగేసరికి వచ్చిన లాభం కూడా చిన్నదైపోయింది. ఎక్కువ నొప్పి పెట్టే రకమే ఎక్కువ పనిచేస్తుందనే నమ్మకం ఇది చదివాక నాకు పూర్తిగా పోయింది.

ఏం ఆశించవచ్చు, ఏం ఆశించకూడదు

దెబ్బ తగిలిన చోట మనం ఆలోచించకుండానే చేత్తో రుద్దుకుంటాం. అలా రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుందో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ఒక వివరణ ఇచ్చారు. స్పర్శనీ, ఒత్తునీ మోసుకెళ్లే నరాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతానికి అడ్డుపడి, అది పైకి పోయే దారిని కొంత మూస్తాయని వాళ్లు చెప్పారు. తర్వాత ఆ సిద్ధాంతానికి చాలా సవరణలు వచ్చినా మూల ఆలోచన నిలబడింది. ఇంకొకటి కూడా ఉంది. మన చర్మంలో కొన్ని సన్నటి నరాలు మెల్లగా నిమిరితేనే బాగా స్పందిస్తాయి, అంటే చెయ్యి సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో కదిలినప్పుడు. నిదానంగా సాగే మర్దనకి కళ్లు మూతలు పడటంలో వీటి పాత్ర ఉండొచ్చు.

కాబట్టి టెన్షన్ తగ్గడం, కాసేపు గుండె వేగం నెమ్మదించడం, ఆ రాత్రి నిద్ర బాగా పట్టడం, పట్టేసిన మెడో నడుమో కొంత వదులవడం ఆశించవచ్చు. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో మసాజ్‌ని కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో చేర్చింది. దాని వెనుక ఉన్న ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అక్కడే చెప్పింది. మోకాళ్ల అరుగుదల ఉన్న 125 మందిపై జరిగిన పరిశోధనలో వారానికొకసారి 60 నిమిషాల చొప్పున 8 వారాల స్వీడిష్ మసాజ్ (నూనె రాసి మెత్తగా చేసే రకం) బాగా కుదిరిందని తేలింది. మెడ నొప్పి మీద జరిగిన మరో అధ్యయనంలో అరగంట మసాజ్‌తో పెద్ద లాభం కనపడలేదు. వారానికి రెండు మూడు సార్లు గంటేసి చొప్పున నాలుగు వారాలు చేయించుకున్నవాళ్లకే మేలు కనిపించింది. నొప్పి కోసం వెళ్తున్నవాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ఒక్కసారి వెళ్లొచ్చి 'ఏం పనిచేయలేదు' అనేస్తే అది సరైన పరీక్ష కాదు.

ఇక ప్రచారంలో ఉన్న మాటలు. మసాజ్ ఒంట్లోని విషపదార్థాలని బయటికి పంపుతుందంటారు. ఆ పని చేసేవి కాలేయం, మూత్రపిండాలు. కండరాల్లోని లాక్టిక్ ఆమ్లం పోతుందంటారు. వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లో అది దానంతటదే పోతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మసాజ్ చేసి, రెండు కాళ్ల కండరాల ముక్కలూ తీసి పోల్చారు. 2012లో ఫలితాలు వచ్చాయి. మసాజ్ చేసిన కాలిలో వాపుకి సంబంధించిన సంకేతాలు తగ్గాయి, లాక్టిక్ ఆమ్లంలో మాత్రం తేడా లేదు. మేలు నిజమే, చెప్పుకునే కారణమే తప్పు. బరువు తగ్గిస్తుంది, కొవ్వు కరిగిస్తుంది అనే మాటలు విని మాత్రం డబ్బు ఖర్చు పెట్టకండి.

స్వీడిష్, డీప్ టిష్యూ: అసలు సందేహం ఇక్కడే

చాలామంది ఆగిపోయేది ఈ రెండింటి దగ్గరే, కాబట్టి వీటి గురించి కొంచెం ఎక్కువ చెప్తాను.

స్వీడిష్ మసాజ్‌లో నూనె రాసి పొడవుగా నిమరడం, పిండి కలిపినట్టు పిసకడం, వేళ్లతో గుండ్రంగా రుద్దడం, అరచేతి అంచుతో తట్టడం, వణికించడం అనే పనులు ఉంటాయి. పేరు స్వీడన్‌దే గానీ, ఈ పద్ధతుల్ని ఒక క్రమంలో పెట్టి పేర్లు పెట్టిన ఘనత నెదర్లాండ్స్‌కి చెందిన వైద్యుడు యోహాన్ గియోర్గ్ మెజ్గర్‌కి దక్కుతుంది. స్వీడన్‌లో వ్యాయామ విద్యకి బాట వేసిన పెర్ హెన్రిక్ లింగ్ పేరు దీనికి అంటుకుపోయింది. మొదటిసారి వెళ్లేవాళ్లకి, నిద్ర పట్టనివాళ్లకి, ఒంట్లో ఫలానా చోటని కాకుండా అంతటా అలసటగా ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. మెత్తగా ఉంటుంది కాబట్టి ఊరికే ఒళ్లు పట్టించుకోవడమే అనుకోవద్దు. పైన చెప్పిన మోకాళ్ల పరిశోధన జరిగింది దీనితోనే.

డీప్ టిష్యూలో నూనె తక్కువ, వేగం తక్కువ. పిడికిలి, ముంజేయి, ఒక్కోసారి మోచేయి వాడతారు. కండరం పొడవునా నెమ్మదిగా నొక్కుతూ పోయి, బిగిసిన చోట ఆగుతారు. మంచి చేతులైతే ముందు పైపొరని వేడెక్కించి, అది వదులయ్యాకే లోపలికి దిగుతాయి. నా మొదటి అనుభవంలో లోపించింది ఇదే. గదిలోకి వెళ్లగానే మోచేయి దిగింది. ఎప్పుడూ ఒకే చోట, ఒకే పని వల్ల వచ్చే పట్టు ఉన్నవాళ్లకి, మసాజ్ కొంత అలవాటైనవాళ్లకి ఇది నప్పుతుంది. హాయిగా నొప్పి పుట్టడం వేరు, ఊపిరి బిగబట్టేంత నొప్పి వేరు. మొదటిదాన్లో 'అదే, అక్కడే' అనిపిస్తుంది. రెండోదాన్లో కండరం తనని కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది. నేను పాటించే లెక్క చెప్తాను: నొప్పిని 10కి కొలిస్తే 6 దాటకూడదు. మాట్లాడుతున్నప్పుడు గొంతు మారినా, ఊపిరి ఆగినా దాటినట్టే.

రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే స్వీడిష్ అని చెప్పి, 'భుజాల దగ్గర మాత్రం కొంచెం గట్టిగా నొక్కండి' అని అడగండి. పని తెలిసినవాళ్లు దానికి అభ్యంతరం చెప్పరు. మెత్తగా మొదలైనదాన్ని ఎప్పుడైనా గట్టిగా చేయించుకోవచ్చు. గట్టిగా చేసేసిన నొప్పి మాత్రం మీతో పాటు ఇంటికి వస్తుంది.

మిగతా పేర్లు

బట్టలు విప్పడం ఇష్టం లేనివాళ్లకి థాయ్ మసాజ్, షియాట్సు మంచి దారులు. రెండూ వదులైన బట్టల మీదే చేస్తారు, నూనె ఉండదు. నేల మీద పరుపు వేసి పడుకోబెడతారు. థాయ్‌లో సాగదీయడం ఎక్కువ. కాళ్లు మడిచి, నడుం తిప్పి, చేతులు వెనక్కి లాగి, మన బదులు వాళ్లే మనచేత ఆసనాలు వేయిస్తున్నట్టు ఉంటుంది. యునెస్కో 2019లో దీన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. కూర్చుని కూర్చుని కీళ్లు బిగిసినవాళ్లకి బాగుంటుంది. కీలు మార్పిడి జరిగినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, వెన్నుపూస మధ్య డిస్క్ సమస్య ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడం మేలు. షియాట్సు జపాన్‌ది, ఆ మాటకి వేలి ఒత్తు అని అర్థం. బొటనవేలితో, అరచేత్తో నిలకడగా నొక్కుతారు, లాగడం అంతగా ఉండదు. థాయ్‌లోని లాగుళ్లు వద్దనుకునేవాళ్లు దీన్ని చూడవచ్చు.

ఆయుర్వేద అభ్యంగంలో గోరువెచ్చటి నూనె ఒళ్లంతా పట్టించి లయగా మర్దన చేస్తారు. కండరం లోతులకి వెళ్లి ముడి విప్పే పద్ధతి కాదు. పొడి చర్మం ఉన్నవాళ్లకి, మనసు నిలకడగా లేక తిప్పలు పడుతున్నవాళ్లకి హాయినిస్తుంది. నూనె ఎక్కువగా వాడతారు కాబట్టి ఒళ్లు తుడుచుకుని వెంటనే పనిలోకి పరుగెత్తే రోజున పెట్టుకోకండి. ఏ నూనె, ఏ మూలికలు వాడుతున్నారో ముందే అడగండి. నువ్వులు, గింజలు పడనివాళ్లు తప్పనిసరిగా అడగాలి.

రిఫ్లెక్సాలజీ అంటే పాదాలకి చేసేది. పాదంలోని ఒక్కో బిందువు ఒక్కో అవయవానికి ముడిపడి ఉంటుందని, అక్కడ నొక్కితే ఆ జబ్బు నయమవుతుందని చెప్తారు. దానికి సరైన ఆధారాలు లేవు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకి పాదాలు పిసికితే వచ్చే హాయి మాత్రం కళ్ల ముందు కనపడేదే. ఆ హాయి కోసం వెళ్లండి, జబ్బు కోసం వెళ్లొద్దు.

వేడి రాళ్ల మసాజ్‌కి నల్లటి నున్నటి బసాల్ట్ రాళ్లు వాడతారు. వేడికి కండరం త్వరగా వదులవుతుంది కాబట్టి గట్టిగా నొక్కడం పడనివాళ్లకి బాగుంటుంది. షుగర్ వల్ల కాళ్లూ చేతులూ మొద్దుబారినవాళ్లు వద్దనండి, చర్మం కాలినా వాళ్లకి తెలియదు.

ఆటలాడేవాళ్ల కోసం చేసే స్పోర్ట్స్ మసాజ్‌లో చూడాల్సింది సమయం. పోటీ ముందు చేసేది చురుగ్గా, కొద్దిసేపే ఉండాలి. లోతుగా చేసేది పోటీ అయ్యాకో, విరామం ఉన్న రోజుల్లోనో పెట్టుకోవాలి.

లింఫ్ డ్రైనేజ్, అంటే ఒంట్లో ఒకచోట నిలిచిపోయిన లింఫ్ అనే ద్రవాన్ని కదిలించే మర్దన, పూర్తిగా వేరే కోవలోది. డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్ వోడర్ దంపతులు 1930లలో రూపొందించారు. ఒత్తు చాలా తక్కువ, చర్మాన్ని కొద్దిగా జరిపినట్టు మాత్రమే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత చేతికి వచ్చే వాపు లాంటి వాటికి, బిగుతు కట్టుతో పాటుగా, ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లు చేసే చికిత్స ఇది. ముఖం మెరవడానికో, సన్నబడటానికో దీన్ని అమ్ముతుంటే నమ్మకండి. గుండె బలహీనత ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా చేయించుకోకూడదు.

ఏదీ తేల్చుకోలేకపోతే, మంచం మీద పడుకోవడానికే బెరుకుగా ఉంటే, కుర్చీ మసాజ్‌తో మొదలుపెట్టండి. బట్టలతోనే, ముందుకి వాలి కూర్చుంటే మెడ, భుజాలు, వీపు 15 లేక 20 నిమిషాలు పడతారు. అవతలి మనిషి చెయ్యి ఒంటి మీద పడితే మీకెలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

వెళ్లకూడని రోజులు

ఈ భాగం దయచేసి దాటేయకండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే మసాజ్ మాటే ఎత్తొద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే గంటలు కూడా ఆగకూడదు. ఉన్నట్టుండి మునుపెన్నడూ లేనంత మెడ నొప్పి, దానితో పాటు తల తిరగడం, మాట తడబడటం వస్తే అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి.

జ్వరం, చర్మం మీద అంటువ్యాధి, మానని గాయం, ఈమధ్య విరిగిన ఎముక ఉంటే తగ్గేదాకా ఆగండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లకి గట్టిగా నొక్కితే లోపల రక్తం చిమ్మి కమిలిపోతుంది, మెత్తటి రకమే నయం. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకి మసాజ్ నిషేధమేమీ కాదు. ఆందోళన తగ్గడానికి చాలా ఆసుపత్రుల్లో ఇస్తున్నారు కూడా. కానీ కణితి ఉన్న చోటు తప్పించి, వైద్యులకి చెప్పి, ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరే చేయించుకోవాలి. గర్భిణులు ముందు తమ డాక్టర్‌ని అడగాలి, తర్వాత పక్కకి పడుకోబెట్టి చేసేవాళ్లనే ఎంచుకోవాలి. నెలలు నిండుతున్నప్పుడు ఎక్కువసేపు వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు పెద్ద సిర మీద పడి కళ్లు తిరుగుతాయి.

గదిలోకి వెళ్లాక

ముందు ప్రశ్నలుండాలి: ఎక్కడ నొప్పి, ఏ మందులు వాడుతున్నారు, ఆపరేషన్లేమైనా అయ్యాయా, ఏ నూనె పడదు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా 'పడుకోండి' అనేచోట నేను ఇప్పుడు పడుకోను, బయటికి వచ్చేస్తాను. బట్టలు ఎంతవరకు తియ్యాలన్నది మీ ఇష్టం. లోదుస్తులు ఉంచుకోవడం మామూలే. మీరు సర్దుకునేదాకా చేసేవాళ్లు బయటే ఉంటారు, తర్వాత ఒళ్లంతా దుప్పటి కప్పి, పనిచేసే భాగం వరకే తెరుస్తారు. అంతరంగిక భాగాల వైపు చెయ్యి రావడం మసాజ్‌లో భాగం కాదు. వస్తే లేచి వచ్చేయండి, మర్యాద గురించి ఆలోచించకండి.

భోజనం చేసి గంటన్నర రెండు గంటలైనా అయ్యాక వెళ్తే బోర్లా పడుకోవడం సుఖంగా ఉంటుంది. పడుకున్నాక నిద్రపోయినా, గురకపెట్టినా, కడుపు శబ్దం చేసినా సిగ్గుపడాల్సింది లేదు. ఒక్కోసారి ఎందుకో తెలియకుండా కన్నీళ్లు వస్తాయి. నాకు ఒకసారి అలా వచ్చింది. చేస్తున్నావిడ ఏమీ అడగలేదు, చెయ్యి ఆ చోటే ఉంచి కాసేపు ఆగారు. ఆవిడ దగ్గరికే తర్వాత రెండేళ్లు వెళ్లాను.

అయిపోయాక ఒక్కసారిగా లేవకండి. బీపీ కాస్త తగ్గి ఉంటుంది, కూర్చుని రెండు నిమిషాలు ఆగండి. మగతగా ఉంటే బండి నడపొద్దు. ఒకటి రెండు రోజులు కొత్తగా వ్యాయామం చేసినట్టు ఒళ్లు సలపడం మామూలు. మూడు రోజులు దాటినా, నీలిమచ్చలు పడ్డా, తిమ్మిరెక్కినా అవసరానికి మించి నొక్కారని అర్థం. ఆ మాట వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే తర్వాత వచ్చేవాళ్లకి కూడా అలాగే చేస్తారు.

చేసే మనిషి, ఇంట్లో సంగతి

శిక్షణ ఎక్కడ తీసుకున్నారు, మీ సమస్య లాంటిది ఇంతకుముందు చూశారా అని అడగండి. తెలిసినవాళ్లు నొచ్చుకోరు. 'మా వల్ల కాదు, డాక్టర్‌కి చూపించండి' అనగలిగినవాళ్లు దొరికితే వదులుకోకండి. 'పది సిట్టింగుల్లో డిస్క్ లోపలికి నెట్టేస్తాం' అనేవాళ్ల దగ్గర్నుంచి లేచి రండి. చెయ్యి తిరగకపోవడం, నొప్పి కాలి కిందికి జారడం, ఆపరేషన్ తర్వాత బలం రాకపోవడం లాంటి వాటికి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికే ముందు వెళ్లాలి. వాళ్లు పరీక్ష చేసి వ్యాయామాలు నేర్పుతారు, మసాజ్ అందులో ఒక భాగంగా ఉంటే ఉంటుంది.

ఖర్చు భారమనుకునేవాళ్లు ఇంట్లో వాళ్లచేత చేయించుకోవచ్చు. వెన్నెముక మీద నేరుగా నొక్కకూడదు, దానికి రెండు పక్కలా ఉండే కండరం మీదే పనిచేయాలి. గొంతు ముందు భాగం, మోకాలి వెనుక గుంట ముట్టుకోకూడదు. భుజం వెనుక రెక్క ఎముక దగ్గరి ముడికి టెన్నిస్ బంతి చాలు. గోడకీ వీపుకీ మధ్య పెట్టుకుని నెమ్మదిగా ఆనుకుని, ముడి దొరికిన చోట అరనిమిషం ఆగండి. మసాజ్ గన్‌లు తొడలకీ, పిక్కలకీ పర్వాలేదు గానీ మెడ మీద పెట్టకండి.

నొప్పి కోసం వెళ్తుంటే ముందే ఒక గుర్తు పెట్టుకోండి: తల ఎంతవరకు తిరుగుతోంది, ఎంతసేపు నొప్పి లేకుండా కూర్చోగలుగుతున్నారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. నాలుగు సార్లు అయ్యాక మళ్లీ చూసుకోండి. మారితే వారానికొకసారిని రెండు వారాలకొకసారి చేయండి. కొంచెం కూడా మారకపోతే అయిదోసారికి డబ్బు కట్టకుండా డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.